ప్రాంతీయ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు – వర్ధమాన దేశాలపై ప్రభావం

రెండు లేదా అంతకన్నా ఎక్కువ దేశాలు తమలో తాము జరుపుకునే సరుకుల రాకపోకలపై దిగుమతి సుంకాలను దశలవారీగా తగ్గించుకుంటూ పోయి, చివరకు చాలావరకు ఎత్తేసుకునే ఏర్పాటే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం. బయటి దేశాల సరుకుపై ఎవరి సుంకం వారిదే. బయటివారిపై కూడా అందరూ ఒకే సుంకం వేయాలని నిర్ణయించుకుంటే అది కస్టమ్స్ యూనియన్ అవుతుంది. దక్షిణ అమెరికాలోని మెర్కోసూర్ ఈ రెండో రకానికి, ఆగ్నేయాసియా దేశాల ఆసియాన్ మొదటి రకానికి ఉదాహరణలు. ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) లెక్కల్లో ఇలాంటి ఒప్పందాలు ఇప్పుడు 350కి పైగా అమల్లో ఉన్నాయి. ఆ సంస్థలోని ప్రతి సభ్య దేశమూ కనీసం ఒక ఒప్పందంలోనైనా భాగస్వామి.

వీటివల్ల పేద, వర్ధమాన దేశాలకు మేలు జరిగిందా, కీడు జరిగిందా అన్నదానికి ఒక్కమాటలో జవాబు లేదు. మెక్సికోలో ఒకే ఒప్పందం ఉత్తరాన ఫ్యాక్టరీలు నిలబెట్టింది, దక్షిణాన మొక్కజొన్న రైతును పొలం వదిలి వెళ్లేలా చేసింది. అయినా ఇన్ని దేశాల అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టంగా తేలుతుంది. సుంకం ఎంతకు తగ్గించాలని రాసుకున్నారన్నది సగం కథే. తగ్గేలోగా దొరికిన గడువులో ప్రభుత్వం ఏం చేసిందన్నదే మిగతా సగం. పత్రికల్లో చర్చంతా మొదటి సగం మీదే నడుస్తుంది, రైతు బతుకు మాత్రం రెండో సగం మీద ఆధారపడి ఉంటుంది.

చట్టపరమైన పునాది

సుంకాలు, వాణిజ్యంపై 1947లో కుదిరిన సాధారణ ఒప్పందానికి (గాట్) ప్రాణం లాంటి సూత్రం, ఒక దేశానికి ఇచ్చిన సుంకం రాయితీని సభ్య దేశాలన్నిటికీ ఇవ్వాలన్నది. ప్రాంతీయ ఒప్పందం ఈ సూత్రానికి మినహాయింపు. ఆ మినహాయింపును గాట్ 24వ అధికరణం అనుమతించింది. అయితే సభ్యుల మధ్య వాణిజ్యంలో దాదాపు మొత్తాన్నీ ఒప్పందం కిందికి తేవాలనీ, బయటి దేశాలపై అడ్డంకులు పెంచకూడదనీ షరతులు పెట్టింది. వర్ధమాన దేశాలు తమలో తాము కుదుర్చుకునే ఒప్పందాలకు 1979లో వచ్చిన 'ఎనేబ్లింగ్ క్లాజ్' ఇంకా సడలింపు ఇచ్చింది. కొన్ని సరుకులకే, కొంత రాయితీ మాత్రమే ఇచ్చుకున్నా సరిపోతుందంది. బలమైన దేశంతో కుదిరే ఒప్పందానికి ఈ వెసులుబాటు లేదు. అమెరికాతోనో యూరోపియన్ యూనియన్‌తోనో బల్ల దగ్గర కూర్చున్న దేశం దాదాపు అన్ని సరుకులకూ తలుపు తీయాల్సిందే.

2001లో మొదలైన దోహా చర్చలు ఏళ్ల తరబడి ముందుకు సాగకపోవడంతో దేశాలన్నీ ఈ దారి పట్టాయి. ఒక్కో దేశం పది, పదిహేను ఒప్పందాల్లో ఉండటం, ఒక్కోదానికి ఒక్కో రేటు, ఒక్కో నిబంధన, ఒక్కో గడువు ఉండటం మామూలైపోయింది. ఈ చిక్కుముడిని ఆర్థికవేత్త జగదీశ్ భగవతి 1990ల్లోనే సేమ్యాల గిన్నెతో పోల్చారు. 2008లో రాసిన పుస్తకంలో ఈ ఒప్పందాలను ప్రపంచ వాణిజ్య వ్యవస్థను తొలిచే చెదపురుగులన్నారు. స్వేచ్ఛా వాణిజ్యాన్ని గట్టిగా సమర్థించే ఆర్థికవేత్తే ఇంత మాట అన్నారంటే, పేరులో స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన ఇది అందరికీ తెరిచిన బజారు కాదని అర్థం చేసుకోవాలి.

సృష్టి, మళ్లింపు

ఈ ఒప్పందాల లాభనష్టాలను కొలిచే పద్ధతికి 1950లో జేకబ్ వైనర్ పునాది వేశారు. సుంకం పోవడం వల్ల, ఖరీదుగా దేశంలోనే తయారయ్యే సరుకు స్థానంలో భాగస్వామి దగ్గర చవకగా తయారయ్యే సరుకు వస్తే అది వాణిజ్య సృష్టి. నిజానికి ఇంకా చవకగా అమ్మే బయటి దేశాన్ని వదిలేసి, సుంకం లేదన్న ఒక్క కారణంతో భాగస్వామి దగ్గర కొనడం మొదలైతే అది వాణిజ్య మళ్లింపు.

లెక్క వేసి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. ఒక దేశం బట్ట దిగుమతిపై 20 శాతం సుంకం వేస్తోందనుకుందాం. బయటి దేశం బట్ట ధర 100 రూపాయలు, భాగస్వామి దేశపు బట్ట ధర 110. సుంకం కలిస్తే మొదటిది 120, రెండోది 132. కాబట్టి కొనుగోలుదారు బయటి దేశపు బట్టే కొంటాడు, ఖజానాకు 20 రూపాయలు వస్తాయి. ఒప్పందం కుదిరాక భాగస్వామి బట్ట 110కే దొరుకుతుంది. కొనుగోలుదారుకు 10 రూపాయలు మిగిలాయి, ఖజానాకు 20 పోయాయి. దేశం మొత్తానికి ప్రతి బట్ట మీదా 10 రూపాయల నష్టం. కొన్నవారికి లాభం కనిపిస్తుంది, ఖజానాకు పడిన గండి కనిపించదు. అందుకే ఇలాంటి నష్టం రాజకీయంగా పెద్దగా చర్చకు రాదు.

సుంకాలు ఎక్కువగా ఉండే దేశాల్లో మళ్లింపు ప్రమాదం ఎక్కువ. 1991లో అసున్సియోన్ ఒప్పందంతో పుట్టిన మెర్కోసూర్‌ను ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్త అలెగ్జాండర్ ఈట్స్ 1990ల మధ్యలో పరిశీలించారు. కూటమిలో వాణిజ్యం వేగంగా పెరిగిన సరుకులేవో చూస్తే, అవి కార్లు, యంత్రాల వంటివి. ప్రపంచ మార్కెట్లో ఈ దేశాలు పోటీపడి అమ్మలేని సరుకులే అవి. బ్రెజిల్, అర్జెంటీనాలు ఒకరి ఖరీదైన కారును మరొకరు కొన్నాయన్నమాట. ఆ ఫలితాలు బయటికి వచ్చాక పెద్ద వివాదమే నడిచింది.

మెక్సికో: ఒకే దేశం, రెండు కథలు

ధనిక దేశంతో వర్ధమాన దేశం కుదుర్చుకున్న తొలి పెద్ద ఒప్పందం నాఫ్టా. అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య 1992లో సంతకాలై, 1994 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అదే రోజు మెక్సికో దక్షిణ రాష్ట్రం చియాపాస్‌లో ఆదివాసీ రైతుల జపటిస్టా సైన్యం తిరుగుబాటు ప్రకటించి పట్టణాలను ఆక్రమించింది. తేదీ యాదృచ్ఛికం కాదు. ఒప్పందానికి సిద్ధం కావడానికే 1992లో మెక్సికో తన రాజ్యాంగంలోని 27వ అధికరణాన్ని సవరించి, విప్లవ కాలం నుంచి వచ్చిన ఉమ్మడి గ్రామ భూముల అమ్మకానికి దారి తెరిచింది. భూమి, మొక్కజొన్న రెండూ ఒకేసారి చేజారతాయని ఆ రైతులు భయపడ్డారు.

మొక్కజొన్న విషయంలో ఒప్పందం నిజానికి కఠినంగా లేదు. సుంకాలు పూర్తిగా తొలగడానికి 15 ఏళ్ల గడువు ఇచ్చింది. 2008 దాకా, నిర్ణీత కోటా దాటి వచ్చిన మొక్కజొన్నపై మెక్సికో భారీ సుంకం వసూలు చేసుకోవచ్చు. కానీ ప్రభుత్వమే ఆ హక్కును వాడుకోలేదు. ధరలు అదుపులో ఉంచాలనీ, పశువుల దాణాకు చవక గింజలు కావాలనీ కోటాకు మించి రానిచ్చింది, రావలసిన సుంకాన్ని వదులుకుంది. పంట కొని, నిల్వ చేసి, పేదలకు అమ్మే కోనాసుపో అనే ప్రభుత్వ సంస్థను 1999లో మూసేసింది. రైతులకు నేరుగా నగదు ఇచ్చే ప్రోకాంపో పథకం పెట్టింది గానీ, అది సాగు విస్తీర్ణాన్ని బట్టి ఇచ్చేది కాబట్టి పెద్ద కమతాలకే ఎక్కువ డబ్బు చేరింది. అవతల అమెరికా మొక్కజొన్న రైతుకు సబ్సిడీలు ఉన్నాయి, కంబైన్లు ఉన్నాయి, ఎకరానికి అనేక రెట్లు దిగుబడి ఉంది. ఇవతల వర్షాధారం మీద కొండ వాలుల్లో పండించే రైతు. పదిహేనేళ్ల గడువు సాగునీటికి, రోడ్లకు, పరపతికి, వేరే పంటలకు వాడుకోవాల్సిన కాలం. దాన్ని మెక్సికో ప్రభుత్వం చేజేతులా పారేసుకుందనే చెప్పాలి.

అమెరికా పరిశోధన సంస్థ కార్నెగీ ఎండోమెంట్ 2003లో వెలువరించిన అధ్యయనం ప్రకారం 1994 తర్వాత మెక్సికో వ్యవసాయంలో 13 లక్షల ఉపాధి అవకాశాలు పోయాయి. తయారీ రంగంలో కొత్తగా వచ్చినవి 5 లక్షలు. పల్లెలు వదిలినవారిలో ఎంతోమంది పత్రాలు లేకుండా అమెరికా సరిహద్దు దాటారు. నాఫ్టా వల్ల మెక్సికో నుంచి మనుషులు కాక సరుకులే వస్తాయని వాషింగ్టన్‌లో చెప్పిన మాట తలకిందులైంది. దేశం తినే తెల్ల మొక్కజొన్న మాత్రం ఎక్కువగా మెక్సికోలోనే పండుతూ వచ్చింది, వచ్చిపడినది ప్రధానంగా దాణాకు వాడే పసుపు రకం. అందువల్ల మెక్సికో మొక్కజొన్న అంతరించిందనే ప్రచారమూ నిజం కాదు. కానీ 2007 జనవరిలో ప్రపంచ ధరలు పెరిగి తొర్తీయా రొట్టె ఖరీదు ఒక్కసారిగా ఎగబాకినప్పుడు రాజధాని వీధుల్లో వేలమంది నిరసనకు దిగారు. నిల్వలు పెట్టే సంస్థ అప్పటికి లేదు.

రెండో కథ సరిహద్దు వెంబడి నడిచింది. విడిభాగాలు సుంకం లేకుండా తెచ్చి, బిగించి, తిరిగి అమెరికాకు పంపే మకిలదోరా ఫ్యాక్టరీలు 1965 నుంచే ఉన్నాయి. నాఫ్టాతో అవి విస్తరించాయి. కార్లు, టీవీలు, వైరింగ్ కట్టలు, వైద్య పరికరాలు తయారయ్యాయి. 1993లో సుమారు 40 బిలియన్ డాలర్లుగా ఉన్న అమెరికాకు ఎగుమతులు 2023 నాటికి 470 బిలియన్లు దాటాయి, ఆ ఏడాది అమెరికాకు సరుకు అమ్మే దేశాల్లో మెక్సికో చైనాను దాటి మొదటి స్థానానికి చేరింది. ఇది చిన్న విజయం కాదు. అయినా మెక్సికో తలసరి ఆదాయం నాఫ్టా తర్వాతి రెండు దశాబ్దాల్లో ఏటా సగటున ఒక శాతం చుట్టూనే పెరిగింది. ఫ్యాక్టరీ పక్కన స్థానికంగా విడిభాగాలు చేసే చిన్న కంపెనీలు ఎదగలేదు, బ్యాంకులు వాటికి అప్పు ఇవ్వలేదు, 1994 చివర్లో పెసో కుప్పకూలింది, 2001లో చైనా డబ్ల్యూటీఓలో చేరి అదే అమెరికా మార్కెట్లో పోటీకి దిగింది. ఇవన్నీ ఒప్పందం తప్పులు కావు. ఒప్పందం ఒక్కటే అభివృద్ధిని తెచ్చిపెట్టదన్నదానికి రుజువులు.

2020 జులై 1న నాఫ్టా స్థానంలో యూఎస్ఎంసీఏ వచ్చింది. కారు విలువలో మూడు దేశాల్లో తయారవ్వాల్సిన వాటాను 62.5 శాతం నుంచి 75 శాతానికి పెంచారు. కారు విలువలో 40 నుంచి 45 శాతం, గంటకు సగటున కనీసం 16 డాలర్ల కూలీ ఇచ్చే చోట తయారవ్వాలన్న షరతూ పెట్టారు. మెక్సికో కార్మికుడి కూలీ దానికన్నా చాలా తక్కువ. చవక కూలీ అన్న మెక్సికో బలాన్నే ఈ నిబంధన గురి చూసింది.

సరుకు ఎక్కడ పుట్టింది?

ఒప్పందంలో ప్రతి ఒక్కరూ చదివేది సుంకాల పట్టిక. వ్యాపారులు ముందు చదివేది మాత్రం మూలస్థాన నిబంధనలు, అంటే రూల్స్ ఆఫ్ ఆరిజిన్. బయటి దేశపు సరుకు, సుంకం తక్కువున్న భాగస్వామి మీదుగా దొడ్డిదారిన రాకుండా చూసేవి ఇవే. ఎంత శాతం విలువ భాగస్వామి దేశంలో జోడించాలి, సరుకు రూపం ఎంత మారాలి అన్నవి వీటిలో ఉంటాయి.

ఇవి ఎంత ముఖ్యమో వంటనూనె చరిత్ర చెబుతుంది. భారత్–శ్రీలంక ఒప్పందం 1998 డిసెంబరులో సంతకమై 2000 మార్చిలో అమల్లోకి వచ్చింది. అప్పుడు భారత్‌లో పామాయిల్ దిగుమతి సుంకం చాలా ఎక్కువ, శ్రీలంకలో తక్కువ. దాంతో పామాయిల్‌ను శ్రీలంకకు తెచ్చి, అక్కడ వనస్పతిగా మార్చి, సుంకం లేకుండా భారత్‌కు పంపే ఫ్యాక్టరీలు పుట్టుకొచ్చాయి. వాటిలో భారతీయ వ్యాపారులు పెట్టినవే ఎక్కువ. రాగి తుక్కుతోనూ ఇదే జరిగింది. ఇక్కడి వనస్పతి మిల్లులు గగ్గోలు పెట్టాక భారత్ కోటాలు విధించింది, శ్రీలంకలోని ఆ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. కాగితం మీద శ్రీలంక ఎగుమతులు అద్భుతంగా పెరిగిన ఆ కొద్ది ఏళ్లలో దాని పరిశ్రమకు మిగిలింది దాదాపు ఏమీ లేదు. నేపాల్‌తో 1996 నాటి వాణిజ్య ఒప్పందంలోనూ ఇదే కథ నడిచింది, 2002 సవరణలో వనస్పతి, రాగి, అక్రిలిక్ నూలు, జింక్ ఆక్సైడ్‌లకు కోటాలు పెట్టాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరులో భారత్ వంటనూనెలపై సుంకం పెంచగానే, నూనెగింజల పంట నామమాత్రంగా ఉన్న నేపాల్ నుంచి శుద్ధి చేసిన సోయా నూనె, పామాయిల్ మళ్లీ ట్యాంకర్లలో దిగాయి. ఈసారి దారి దక్షిణాసియా దేశాల సాఫ్టా ఒప్పందం. పాతికేళ్లలో మూడు సార్లు అదే కన్నం నుంచి నూనె కారడం చూస్తే, నిబంధన రాసినంత శ్రద్ధ తనిఖీ మీద లేదని తెలుస్తుంది. భారత్ 2020 సెప్టెంబరు నుంచి కరోటార్ నిబంధనలు తెచ్చి, సరుకు నిజంగా అక్కడే తయారైందని నిరూపించే భారం దిగుమతిదారుపై పెట్టింది.

నిబంధన మరీ బిగిస్తే మరో ముప్పు. వియత్నాం చేరిన పసిఫిక్ ప్రాంత దేశాల సీపీటీపీపీ ఒప్పందంలో దుస్తులకు రాయితీ దక్కాలంటే నూలు దశ నుంచీ సభ్య దేశాల్లోనే తయారవ్వాలి. వియత్నాం కుట్టు పరిశ్రమ వాడే గుడ్డ ఎక్కువగా చైనాది. దాంతో కాగితం మీద ఉన్న రాయితీ చాలా ఫ్యాక్టరీలకు అందలేదు. చిన్న ఎగుమతిదారుకు ఇంకో ఇబ్బందీ ఉంది. రాయితీ మూడు నాలుగు శాతమే అయినప్పుడు, మూలస్థాన ధ్రువపత్రానికయ్యే ఖర్చు, తిప్పలు భరించడం కన్నా మామూలు సుంకం కట్టడమే నయమనిపిస్తుంది. వర్ధమాన దేశాల్లో ఒప్పందాలు ఉండి కూడా వాడకం తక్కువగా ఉండటానికి ఇది ముఖ్య కారణం.

ఆసియాన్, ఆయిల్ పామ్ తోటలు

భారత్, ఆసియాన్ దేశాలు సరుకుల ఒప్పందంపై 2009 ఆగస్టు 13న బ్యాంకాక్‌లో సంతకం చేశాయి. 2010 జనవరి 1న అది అమలైంది. కేరళలో మిరియాలు, రబ్బరు, కాఫీ రైతుల ఆందోళన పెద్దది. 2009 అక్టోబరు 2న కాసరగోడ్ నుంచి తిరువనంతపురం దాకా వామపక్షాలు మానవహారం కట్టాయి. ఈ ఒత్తిడి వల్లే కొన్ని పంటలకు ప్రత్యేక రక్షణ మిగిలింది. ముడి పామాయిల్ సుంకాన్ని 80 శాతం నుంచి 37.5 శాతానికి, శుద్ధి చేసినదాన్ని 90 నుంచి 45కు, టీ, కాఫీలను 100 నుంచి 45కు, మిరియాలను 70 నుంచి 50కి, అదీ 2019 చివరి వరకూ మెల్లగా తగ్గించేలా రాసుకున్నారు.

ఇక్కడే తెలుగు రాష్ట్రాలకు నేరుగా సంబంధం ఉంది. దేశంలో ఆయిల్ పామ్ గెలల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ మొదటిది, తెలంగాణ రెండోది. ఆ పంటపై పరిశోధన చేసే జాతీయ సంస్థ ఏలూరు దగ్గర పెదవేగిలో ఉంది. పశ్చిమ గోదావరి, ఏలూరు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల రైతుకు టన్ను గెలలకు వచ్చే ధర ముడి పామాయిల్ ధరను అనుసరిస్తుంది. ఆ ధరను ఇండోనేషియా, మలేషియా నిర్ణయిస్తాయి. 2022లో ఇండోనేషియా కొన్ని వారాలపాటు ఎగుమతులు నిలిపేసినప్పుడు టన్ను గెలల ధర 20 వేల రూపాయలు దాటింది, నిషేధం తొలగిన కొద్ది నెలల్లోనే 15 వేలకు లోపుగా పడిపోయింది. మొక్క నాటాక మూడు నాలుగేళ్లకు గానీ గెల రాదు. ఒకసారి నాటితే పాతికేళ్లు ఆ తోటకే కట్టుబడాలి. ధర పడిందని వచ్చే సీజనుకు పంట మార్చుకునే వీలు ఈ రైతుకు లేదు.

ఆసియాన్ ఒప్పందం పామాయిల్ రైతును ముంచిందన్న మాట తరచూ వినిపిస్తుంది. ఆధారాలు చూస్తే విషయం మరోలా ఉంది. ఒప్పందం ప్రకారం భారత్ ముడి పామాయిల్‌పై 37.5 శాతం దాకా సుంకం వేసుకోవచ్చు. కానీ వంటింటి ధరలు పెరిగినప్పుడల్లా ఢిల్లీ తన అంతట తానే అంతకన్నా చాలా దిగువకు తగ్గించింది. 2021 అక్టోబరులో ముడి పామాయిల్‌పై మూల సుంకాన్ని సున్నా చేసింది. 2024 సెప్టెంబరులో 20 శాతానికి పెంచి, 2025 మే చివర్లో మళ్లీ 10కి దించింది. 2021 ఆగస్టులో 11,040 కోట్ల రూపాయలతో ఆయిల్ పామ్ జాతీయ మిషన్ ప్రకటించి, తోటలు వేయమని రైతును ప్రోత్సహించిన ప్రభుత్వమే, రెండు నెలలు తిరగకుండా అదే నూనెపై మూల సుంకం ఎత్తేసింది. వినియోగదారుడి బాధ అబద్ధం కాదు, పామాయిల్ పేదవాడి నూనె. కానీ ఆ భారాన్ని బడ్జెట్ నుంచి కాకుండా రైతు ధర నుంచి తీయడం అన్యాయం. మెక్సికో మొక్కజొన్నపై చేసినట్టే, ఇక్కడా ఒప్పందం మిగిల్చిన రక్షణను ప్రభుత్వమే వదులుకుంది.

మొత్తంగా చూస్తే ఆసియాన్‌తో భారత వాణిజ్య లోటు 2010–11లో 5 బిలియన్ డాలర్ల దగ్గర ఉండగా 2022–23లో 43 బిలియన్లు దాటింది. లోటు పెరగడమే నష్టం అనడం సరికాదు. అందులో బొగ్గు, పామాయిల్, ఎలక్ట్రానిక్ విడిభాగాలు ఉన్నాయి. ఎవరి దగ్గరో ఒకరి దగ్గర కొనాల్సిన సరుకులవి. అసలు చూడాల్సింది ఎగుమతుల వైపు. మన ఎగుమతులు ఆ వేగంతో పెరగలేదు. సుంకాలు తగ్గినా ఆ దేశాల్లో ప్రమాణాలు, లైసెన్సులు, రిజిస్ట్రేషన్ల అడ్డంకులు అలాగే మిగిలాయి. సేవల ఒప్పందం 2015లో గానీ అమలు కాలేదు, అందులో దక్కింది స్వల్పం. సరుకుల్లో ఇచ్చి సేవల్లో పుచ్చుకుందామన్న లెక్క తప్పింది. ఇప్పుడు ఆ ఒప్పందాన్ని సమీక్షించాలని ఇరుపక్షాలూ చర్చిస్తున్నాయి.

వియత్నాం

ఈ ఒప్పందాల వల్ల బాగా లాభపడిన వర్ధమాన దేశం ఏదంటే ఎక్కువమంది వియత్నాం పేరే చెబుతారు. 1986లో సంస్కరణలు, 1995లో ఆసియాన్ సభ్యత్వం, 2001లో అమెరికాతో ద్వైపాక్షిక ఒప్పందం, 2007లో డబ్ల్యూటీఓ, 2019లో సీపీటీపీపీ, 2020 ఆగస్టులో యూరోపియన్ యూనియన్‌తో ఒప్పందం అమలు. ఒకదాని తర్వాత ఒకటి, ప్రతిదానికీ ముందు ఇంట్లో చట్టాలు, ఓడరేవులు, విద్యుత్తు, ప్రాథమిక విద్య సర్దుకుంటూ వచ్చింది. శాంసంగ్ బాక్ నిన్, థాయ్ న్గుయెన్ రాష్ట్రాల్లో ఫోన్ల ఫ్యాక్టరీలు పెట్టింది. పేదరికం వేగంగా తగ్గింది. లోపం కూడా ఉంది. ఎగుమతుల్లో మూడొంతుల్లో రెండొంతులకు పైగా విదేశీ కంపెనీలవే. విడిభాగాలు చైనా, కొరియాల నుంచి వస్తాయి. వియత్నాం సొంత కంపెనీలు ఆ గొలుసులో ఇంకా పైకి ఎక్కాల్సే ఉంది.

బలహీనుల మధ్య బలవంతుడు

పేద దేశాలు తమలో తాము కట్టుకున్న కూటములు సమానుల సంఘాలని అనుకోవడం పొరపాటు. కెన్యా, ఉగాండా, టాంజానియాలు 1967లో తూర్పు ఆఫ్రికా కమ్యూనిటీ కట్టాయి. పరిశ్రమలన్నీ నైరోబీ చుట్టూ పేరుకున్నాయి. ఈ తేడా సర్దడానికి, కెన్యా ఫ్యాక్టరీ సరుకుపై మిగతా ఇద్దరూ బదిలీ పన్ను వేసుకునే వీలు, కంపాలాలో అభివృద్ధి బ్యాంకు ఏర్పాటు చేశారు. చాలలేదు. రాజకీయ వైరాలు తోడై 1977లో కూటమి కూలింది. 2000లో తిరిగి ప్రాణం పోసుకున్నాక కూటమి పాత పాఠాన్ని గుర్తు పెట్టుకుంది. 2005 కస్టమ్స్ యూనియన్‌లో కెన్యా తలుపులు వెంటనే తెరిచింది, ఉగాండా, టాంజానియాలకు ఐదేళ్ల గడువు దొరికింది.

దక్షిణాసియా కథ క్లుప్తం. 2006లో అమలైన సాఫ్టా కింద ప్రాంతీయ వాణిజ్యం మొత్తం వాణిజ్యంలో 5 శాతం చుట్టూనే ఆగిపోయింది. భారత్, పాకిస్థాన్‌ల మధ్య వైరం దానికి ప్రధాన కారణం, పొడవాటి మినహాయింపు జాబితాలు మరో కారణం.

ఆఫ్రికా ఖండ స్థాయి ఒప్పందం ఏఎఫ్‌సీఎఫ్‌టీఏపై 2018 మార్చి 21న కిగాలీలో 44 దేశాలు సంతకం చేశాయి. ఎరిత్రియా తప్ప ఆఫ్రికన్ యూనియన్ దేశాలన్నీ ఇప్పుడు సంతకందారులే. 2021 జనవరి నుంచి వాణిజ్యం లాంఛనంగా మొదలైంది. సక్రమంగా అమలైతే 2035 నాటికి 3 కోట్ల మంది తీవ్ర పేదరికం నుంచి బయటపడతారని ప్రపంచ బ్యాంకు 2020లో అంచనా వేసింది. అదే అంచనాలో గమనించాల్సిన మాట, లాభంలో పెద్ద భాగం సుంకాల తగ్గింపు వల్ల కాదు, సరిహద్దుల్లో లారీల నిరీక్షణ, కాగితాల జాప్యం తగ్గడం వల్ల వస్తుందని. రాజకీయ సంకల్పం ఎంత పెళుసుగా ఉందో నైజీరియా చూపించింది. 2019 జులైలో ఈ ఒప్పందంపై సంతకం చేసి, మరుసటి నెలలోనే బియ్యం స్మగ్లింగ్ పేరుతో బెనిన్ సహా పొరుగు దేశాల భూసరిహద్దులు మూసేసింది. ఏడాదికి పైగా తెరవలేదు.

ఖజానా

ధనిక దేశానికి కస్టమ్స్ ఆదాయం లెక్కలోకి రాదు. రేవు దగ్గర వసూలు సులువు కాబట్టి పేద దేశం దానిమీదే బతుకుతుంది. అంతర్జాతీయ ద్రవ్య నిధికి చెందిన థామస్ బౌన్స్‌గార్డ్, మైకేల్ కీన్ 2005లో చేసిన అధ్యయనం ప్రకారం, వాణిజ్య సుంకాల్లో కోల్పోయిన ప్రతి డాలరుకూ ఇతర పన్నుల ద్వారా అల్పాదాయ దేశాలు రాబట్టుకోగలిగింది 30 సెంట్లకు మించలేదు. మిగతా 70 సెంట్లు బడుల నుంచో ఆసుపత్రుల నుంచో తగ్గాల్సిందే. అమ్మకం పన్ను వ్యవస్థ నిలదొక్కుకున్నాకే సుంకాలు తగ్గించాలన్న వాదనకు ఇంతకంటే బలమైన ఆధారం అక్కర్లేదు.

సుంకాలు దాటిన షరతులు

నేటి ఒప్పందాల్లో సుంకాల అధ్యాయం చిన్నదే. మేధో సంపత్తి, పెట్టుబడులు, ప్రభుత్వ కొనుగోళ్లు, డిజిటల్ వాణిజ్యం ఎక్కువ పేజీలు తింటాయి. వీటిలో మందుల సంగతి అన్నిటికన్నా ముఖ్యం. కొత్త మందు కనిపెట్టిన కంపెనీ సమర్పించిన పరీక్షల సమాచారాన్ని కొన్నేళ్లదాకా ఆధారంగా తీసుకోకుండా జెనరిక్ కంపెనీలను నిలువరించే షరతును డేటా ఎక్స్‌క్లూజివిటీ అంటారు. పేటెంట్ లేకపోయినా ఇది గుత్తాధిపత్యం ఇస్తుంది. అమెరికాతో ఒప్పందం చేసుకున్న జోర్డాన్ ఈ షరతు ఒప్పుకుంది, అక్కడ మందుల ధరలు పెరిగాయని స్వచ్ఛంద సంస్థ ఆక్స్‌ఫామ్ 2007లో వివరంగా చూపింది. 2006 జనవరిలో చియాంగ్ మాయ్‌లో అమెరికా–థాయ్ చర్చలను హెచ్ఐవీతో జీవిస్తున్నవారు వేల సంఖ్యలో వచ్చి అడ్డుకున్నారు. భారత్ ఈ షరతును ఇప్పటికీ ఒప్పుకోలేదు. 2024 మార్చిలో స్విట్జర్లాండ్, నార్వే తదితర ఈఎఫ్‌టీఏ దేశాలతో కుదిరిన ఒప్పందంలోనూ ఇవ్వలేదు. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీలకూ, వాటి మందులు వాడే ఆఫ్రికా రోగులకూ ఆ పట్టుదలే రక్ష.

పెట్టుబడిదారుకు ప్రభుత్వంపై దావా వేసే హక్కు మరొకటి. మెక్సికోలోని సాన్ లూయిస్ పొతోసీ రాష్ట్రంలో ప్రమాదకర వ్యర్థాల డంపుకు స్థానిక మునిసిపాలిటీ అనుమతి నిరాకరించినందుకు, మెటల్‌క్లాడ్ అనే అమెరికా కంపెనీకి 2000లో నాఫ్టా ట్రిబ్యునల్ 1.6 కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఇప్పించింది. పంచాయతీ తీర్మానాన్ని విదేశీ ట్రిబ్యునల్ తూకం వేయడమంటే ఇదే.

చేరడం, బయటుండటం

2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో ఆసియాన్, చైనా తదితర దేశాల ఆర్‌సెప్ ఒప్పందం చర్చల నుంచి భారత్ తప్పుకుంది. న్యూజిలాండ్ పాలపొడి, చైనాతో అప్పటికే 50 బిలియన్ డాలర్లు దాటిన లోటు ముఖ్య భయాలు. మిగిలిన 15 దేశాలు 2020 నవంబరులో సంతకం చేశాయి. పాడి రైతు విషయంలో ఆ నిర్ణయం సరైనదే. అయితే బయటుండటానికీ ఖర్చు ఉంది. ఆసియా ఎలక్ట్రానిక్స్ విడిభాగాల గొలుసు ఆ కూటమి లోపలే బిగుసుకుంటోంది. ఆ తర్వాత భారత్ యూఏఈ, ఆస్ట్రేలియా, ఈఎఫ్‌టీఏలతో ఒప్పందాలు చేసుకుని, 2025 జులైలో బ్రిటన్‌తోనూ సంతకం చేసింది.

నాఫ్టాను అమెరికా కాంగ్రెస్, మెక్సికో సెనేట్ ఓటు వేసి ఆమోదించాయి. భారత్‌లో ఇలాంటి ఒప్పందానికి పార్లమెంటు ఓటు అవసరం లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో విదేశీ ఒప్పందాలు కేంద్ర జాబితాలో 14వ అంశం, వ్యవసాయం రాష్ట్ర జాబితాలో 14వ అంశం. సంతకం ఒకరిది, పంట మరొకరిది. ఆసియాన్ సమీక్ష ముగియకముందే పంటల వారీ సుంకాల ముసాయిదాను రాష్ట్ర శాసనసభల ముందు పెట్టాలి. గెలల ధరకు, మిరియాల ధరకు గడువు ఎంతో, ఆ గడువులో ఏం చేస్తారో కేంద్రం అక్కడ రాతపూర్వకంగా చెప్పాలి.